ఓడలో అమ్మేది చోటే

క్రూయిజ్ ఓడల ప్రకటనల్లో నీటి జారుడుబల్లలు, ఈతకొలనులు, షాండ్లియర్లు వేలాడే భోజనశాలలు కనిపిస్తాయి. రెండు అంకెలు మాత్రం వెతికితే గానీ దొరకవు. ఓడ లోపలి చోటు ఎంత? అందులోకి ఎందరిని ఎక్కిస్తారు? ఈ రెండూ తెలిస్తే యాత్ర ఎలా సాగబోతోందో ఇంట్లో కూర్చునే చాలావరకు చెప్పేయవచ్చు. పొద్దున టిఫిన్ వేళ ఖాళీ బల్ల దొరుకుతుందా, లిఫ్టు కోసం ఎంతసేపు నిలబడాలి, కొలను పక్కన కుర్చీ కోసం ఆరింటికే లేచి తువ్వాలు పరిచి రావాలా, ఇవన్నీ ఆ లెక్కలోనే తేలిపోతాయి.

చోటుకు కొలత గ్రాస్ టన్నేజీ. పేరులో టన్ను ఉంది కాబట్టి బరువనుకుంటాం, కానీ బరువుతో దానికి సంబంధం లేదు. ఓడలో గోడల మధ్య, కప్పుల కింద మూసి ఉన్న మొత్తం ఘనపరిమాణాన్ని తీసుకుని ఒక సూత్రం ప్రకారం కట్టే లెక్క అది. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి యాత్రకు బయలుదేరిన రాయల్ కరీబియన్ వారి 'ఐకాన్ ఆఫ్ ద సీస్' గ్రాస్ టన్నేజీ 2,48,663. అప్పటి కొలత పద్ధతిలో టైటానిక్‌ది 46 వేల పైచిలుకు. ఐకాన్‌లో గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది పడతారు. భాగిస్తే తలకు 44 వస్తుంది. 2016లో నీళ్లమీదికి వచ్చిన 'సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్' చాలా చిన్న ఓడ, 55,254 మాత్రమే. కానీ అందులో ఎక్కేది సుమారు 750 మంది కాబట్టి తలకు దాదాపు 74. మన దేశంలో కొర్డేలియా సంస్థ నడిపే 'ఎంప్రెస్' 1990లో రాయల్ కరీబియన్ కోసం కట్టిన ఓడ. దాని టన్నేజీ 48,563, గదికి ఇద్దరైతే దాదాపు 1,600 మంది. తలకు 30 వస్తుంది.

ఈ మూడు అంకెల మధ్య తేడా ఎలా ఉంటుందంటే, ఒకే కల్యాణమండపంలో నాలుగు వందల మంది భోంచేయడానికీ వెయ్యిమంది భోంచేయడానికీ ఉన్నంత. వంట అదే, వంటవాళ్లు వాళ్లే, తిన్నవాళ్ల అనుభవం మాత్రం వేరు. పైగా ఈ లెక్క గదికి ఇద్దరని వేసుకున్నది. బడి సెలవుల్లో సోఫా పడకలు, గోడలోంచి దించే పడకలు కూడా నిండితే ఐకాన్‌లో 7,600 మంది వరకు పడతారు. అప్పుడు 44 కాస్తా 33కు జారుతుంది. అదే ఓడ, అదే గది, టిక్కెట్టు ఇంకా ఎక్కువ, చోటు మాత్రం పావు వంతు తక్కువ. విలాసం అనే మాటను కంపెనీలు ఎంత ధారాళంగా వాడినా, సముద్రం మీద నిజమైన విలాసం ఖాళీ చోటే అని నా అభిప్రాయం.

రెండో కొలత, ఒక్కో సిబ్బందికి ఎందరు ప్రయాణికులు అన్నది. ఐకాన్‌లో 2,350 మంది సిబ్బంది అంటే ఒకరికి ఇద్దరికి పైనే. ఎక్స్‌ప్లోరర్‌లో దాదాపు 550 మంది, అంటే ఒకరికి ఒకటిన్నర కన్నా తక్కువ. ఖరీదైన ఓడలో రెండో రోజుకే వెయిటరు మీ పేరు, మీరు కాఫీలో పంచదార వేసుకోరన్న సంగతి గుర్తు పెట్టుకున్నాడంటే అందులో ఇంద్రజాలం ఏమీ లేదు. గుర్తు పెట్టుకోవాల్సిన మనుషులు తక్కువ, అంతే.

ఇక గదుల సంగతి. కిటికీ లేని లోపలి గది, కిటికీ గది, బాల్కనీ గది, సూట్ అని ప్రధానంగా నాలుగు తరగతులు. మామూలు గది పదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు ఉంటుందనుకోండి. స్నానాల గది కూడా అందులోనే. సూట్‌కేసులు మంచం కిందికి తోయాలి. ఈ గదులు చాలావరకు ఓడలో కట్టినవి కావు. ఫ్యాక్టరీలో మంచం, అద్దం, కుళాయితో సహా పెట్టెలా తయారుచేసి తెచ్చి ఓడ చట్రంలోకి దూర్చుతారు. గోడలు ఎక్కువగా ఉక్కువి కాబట్టి అయస్కాంతపు కొక్కేలు నాలుగు పట్టుకెళితే టోపీలు, తడిబట్టలు తగిలించుకోవచ్చు. చిన్న ఉపాయమే గానీ నలుగురున్న గదిలో బాగా పనికొస్తుంది.

బాల్కనీకి ఎక్కువ డబ్బు వస్తుంది, కానీ ఓడ చుట్టుకొలత ఎంతో అంతే. బయటి గోడను సాగదీయలేరు. అందుకే 2009లో వచ్చిన 'ఒయాసిస్ ఆఫ్ ద సీస్'లో పై భాగాన్ని నిలువునా రెండుగా చీల్చి, మధ్యలో ఆకాశం కనిపించే సందు వదిలి, అందులో నిజమైన మొక్కలతో సెంట్రల్ పార్కు పెట్టారు. తోట అందంగా ఉంటుంది, కాదనను. కానీ దాని అసలు ప్రయోజనం వేరు. లోపలివైపు గోడలు పుట్టాయి, ఆ గోడలకు కిటికీలూ బాల్కనీలూ వచ్చాయి. అంతకుముందు చీకటి గదులుగా అమ్మాల్సినవాటిని తోట కనిపించే గదులుగా అమ్మవచ్చు. మిగిలిన చీకటి గదులకూ ఉపాయం కనిపెట్టారు. 2014లో 'నావిగేటర్ ఆఫ్ ద సీస్' లోపలి గదుల్లో నేల నుంచి పైదాకా పెద్ద తెర పెట్టి, బయటి సముద్రాన్ని కెమెరాతో అక్కడికక్కడే చూపించారు.

గది ఎంచుకునేటప్పుడు తరగతి కన్నా స్థానం ముఖ్యం. ఓడ ముందుకూ వెనక్కూ ఊగేటప్పుడు రెండు కొసలూ ఎక్కువ లేస్తాయి, మధ్యభాగం తక్కువ. పై అంతస్తుల్లో పక్క ఊపు ఎక్కువ. కాబట్టి కడుపులో తిప్పే అలవాటు ఉన్నవాళ్లు కింది అంతస్తుల్లో, ఓడ నడిమిన గది తీసుకోవాలి. నీటిలోకి రెక్కల్లా చాపే స్టెబిలైజర్లు పక్క ఊపును బాగా తగ్గిస్తాయి గానీ ముందూ వెనకా లేచిపడడాన్ని పెద్దగా ఆపలేవు. కొలను అంతస్తుకు సరిగ్గా కింద గది వద్దు, తెల్లారకముందే నెత్తిమీద కుర్చీలు ఈడుస్తారు. నాటకశాల పైగది కూడా వద్దు. ఓడ అంతస్తుల పటంలో పైనా కిందా ఏముందో చూసి ఎంచుకుంటే ఈ బాధలు ఉండవు. పటం చూస్తున్నప్పుడు పన్నెండో అంతస్తు తర్వాత పద్నాలుగు కనిపిస్తే కంగారు పడకండి. చాలా ఓడల్లో పదమూడు ఉండదు. ఎంఎస్‌సీ అనే ఇటలీ మూలాల కంపెనీ కొన్ని ఓడల్లో పదిహేడునూ ఎత్తేసింది, వాళ్లకు అది కీడు అంకె.

వెనకటి అట్లాంటిక్ ఓడల్లో మొదటి, రెండో, మూడో తరగతుల మధ్య తలుపులకు తాళాలుండేవి. ఆ ఓడలు మనుషుల్ని ఒక తీరం నుంచి ఇంకో తీరానికి చేర్చడానికి కట్టినవి. ఊరికే తిరిగిరావడానికి ఓడెక్కించవచ్చని గట్టిగా నమ్మినవారిలో జర్మన్ ఓడల వ్యాపారి ఆల్బర్ట్ బాలిన్ ఒకరు. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గి ఓడలు ఖాళీగా ఉంటున్నాయని, 1891 జనవరిలో 'ఆగస్టా విక్టోరియా'ను 241 మందితో మధ్యధరా సముద్రానికి పంపారు. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక చేరవేసే ఓడల పని దాదాపు అయిపోయింది, తిప్పి తెచ్చే ఓడలు మిగిలాయి. వాటిలో చాలాకాలం అందరికీ అన్నిచోట్లా ప్రవేశం ఉండేది. ఇప్పుడు తరగతులు మళ్లీ వచ్చాయి, పేర్లు మాత్రం మారాయి. నార్వీజియన్ కంపెనీది హేవెన్, ఎంఎస్‌సీ వాళ్లది యాట్ క్లబ్. కార్డు చూపితేనే తెరుచుకునే తలుపు వెనక సొంత కొలను, సొంత భోజనశాల. ఐకాన్‌లో లోపలే జారుడుబల్ల ఉన్న మూడంతస్తుల కుటుంబ గృహం ఒకటుంది, 1,772 చదరపు అడుగులు.

ఓడ మీద రోజు రెండు రకాలు. రేవులో ఆగే రోజు ఒకటి, పొద్దస్తమానం సముద్రం మీదే ఉండే రోజు ఒకటి. మర్నాటి కార్యక్రమాల పట్టిక ముందురోజు రాత్రే గదికి వచ్చేది, ఇప్పుడు ఎక్కువగా ఫోన్ యాప్‌లో ఉంటుంది. యోగా, వంట ప్రదర్శన, క్విజ్, డ్యాన్సు పాఠం, వేలం, రెండు ఆటలుగా నాటకం. అన్నిటికీ వెళ్లాలని చూసేవాళ్లు మూడో రోజుకు అలసిపోతారు. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు వెళ్లే 'క్వీన్ మేరీ 2' యాత్రలో ఏడు రాత్రులపాటు మధ్యలో రేవే లేదు. అక్కడ పెద్ద గ్రంథాలయం, ప్లానెటోరియం, పెంపుడు కుక్కలకు గూళ్లు ఉన్నాయి. నన్నడిగితే కాలక్షేపం కోసం పెట్టిన జారుడుబల్లల కన్నా ఆ గ్రంథాలయానికే ఎక్కువ మార్కులు.

రేవు రోజున గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. వెనక్కి వచ్చి ఎక్కాల్సిన వేళ ఓడ కదలడానికి అరగంటో గంటో ముందు ఉంటుంది. అది ఓడ గడియారం ప్రకారం. ఫోన్ స్థానిక సమయానికి తనంత తానే మారిపోయి మనుషుల్ని మోసం చేస్తుంది. కంపెనీ ద్వారా టూరు కొన్నవాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది. సొంతంగా టాక్సీలో వెళ్లినవాళ్ల కోసం ఆగదు. తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో చేరుకోవాలి.

తిండి విషయంలో మనవాళ్ల మొదటి ప్రశ్న, అన్నం పప్పు దొరుకుతాయా అని. సింగపూర్ నుంచి తిరిగే 'జెంటింగ్ డ్రీమ్' లాంటి ఓడల్లో భారతీయ ప్రయాణికులు ఎక్కువ కాబట్టి శాకాహారం, జైన భోజనం కూడా దొరుకుతాయి. అమెరికా ఓడల్లో బఫేలో ఒక మూల కూరలు ఉంటాయి, భోజనశాలలో ముందురోజు చెబితే పప్పు చేసి పెడతారు. డల్లాస్, హ్యూస్టన్ తెలుగు కుటుంబాలు గాల్వెస్టన్ రేవులో ఎక్కేటప్పుడు అమ్మానాన్నల కోసం ఆవకాయ సీసా సర్దుతారు. చాలా కంపెనీలు ఇంట్లో చేసిన తిండిని ఎక్కనివ్వవు. అంగట్లో కొన్న, సీలు విప్పని ప్యాకెట్లకు అభ్యంతరం ఉండదు. ఇస్త్రీపెట్టె, కెటిల్, ఎలక్ట్రిక్ కుక్కర్ మాత్రం తీసుకుని పక్కన పెట్టేస్తారు. అది చాదస్తం కాదు. సముద్రం మధ్యలో ఓడకు నిప్పును మించిన శత్రువు లేదు. 2006లో జమైకా దగ్గర 'స్టార్ ప్రిన్సెస్' బాల్కనీలో మొదలైన మంట పక్క బాల్కనీలకు పాకింది, ఒకరు చనిపోయారు. ఆర్పని సిగరెట్టే కారణమై ఉంటుందని విచారణలో తేల్చారు.

వంటగదుల్లోనూ సాధారణంగా గ్యాసు మంట ఉండదు, అన్నీ కరెంటు పొయ్యిలే. మాంసం, చేపలు, కూరగాయలకు వేర్వేరు చల్లగదులు. అన్నిటికన్నా ఓడవాళ్లను భయపెట్టేది నోరోవైరస్. వాంతులు, విరేచనాలు ఒకరితో మొదలై చేతుల ద్వారా, బఫే గరిటెల ద్వారా వందలమందికి పాకుతాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1970ల నుంచి తన రేవులకు వచ్చే విదేశీ యాత్రల ఓడలను చెప్పకుండా వచ్చి తనిఖీ చేసి వందకు మార్కులు వేస్తోంది. 85, అంతకన్నా తక్కువ వస్తే తప్పినట్టే. ఆ మార్కులు ఎవరైనా చూడవచ్చు, గది కొనేముందు చూడడం మంచిది. బఫే గుమ్మం దగ్గర చేతులు కడుక్కోండని పాడుతూ నిలబడే కుర్రాణ్ణి తప్పించుకుని వెళ్లడం తెలివి కాదు. శానిటైజర్ ఈ వైరస్‌ను సరిగా చంపదు, సబ్బూ నీళ్లే దారి.

ఇంతమంది స్నానాలకు, వంటకు కావలసిన మంచినీటిని చాలావరకు ఓడే తయారు చేసుకుంటుంది. సముద్రపు నీటిని ఇంజిన్ వేడితో ఆవిరి చేసో, సన్నటి పొరల గుండా ఒత్తిడితో పంపించో ఉప్పు తీసేస్తారు. కరెంటు కూడా సొంతమే. నడిపే మోటార్లకూ ఏసీలకూ ఒకే జనరేటర్లు. చెత్తకు మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా సముద్రంలో పడకూడదు. తిండి వ్యర్థాలను మెత్తగా రుబ్బితే తీరానికి మూడు నాటికల్ మైళ్ల అవతల, రుబ్బకపోతే పన్నెండు మైళ్ల అవతల వదలవచ్చు. కొన్ని సున్నితమైన సముద్రాల్లో నియమాలు ఇంకా కఠినం. అయినా ఊళ్లు ఈ ఓడలతో విసిగిపోయాయి. వెనిస్ నడిబొడ్డున జుడెక్కా కాలువలోకి పెద్ద ఓడలు రాకుండా ఇటలీ 2021 ఆగస్టు నుంచి నిషేధించింది.

ప్రయాణికులు చూడని ఓడ ఒకటుంది. కింది అంతస్తుల్లో, ఓడ పొడవునా సాగే ఒక నడవ. చాలా ఓడల్లో సిబ్బంది దాన్ని అమెరికా రహదారి పేరుతో ఐ-95 అని పిలుస్తారు. సరుకు బండ్లు, చాకిరేవు బట్టలు, డ్యూటీకి పరుగెత్తే వెయిటర్లు అందులోనే. సిబ్బంది గదుల్లో ఇద్దరేసి ఉంటారు, కిటికీ ఉండదు. హోటల్ పనివారి ఒప్పందం ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఆ కాలమంతా వారాంతపు సెలవు అన్న మాట లేదు. 2013లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడిక రోజుకు కనీసం పది గంటలు, వారానికి 77 గంటల విశ్రాంతి ఉండాలంటుంది. తిప్పి చదివితే రోజుకు పద్నాలుగు గంటలు పని చేయించుకోవచ్చని అర్థం. ఈ ఓడల్లో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వారితోపాటు భారతీయులూ చాలామంది. గోవాలో తరతరాలుగా ఓడల్లో పనిచేసే కుటుంబాలు ఉన్నాయి. ఇప్పుడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన తెలుగు పిల్లలూ వెళుతున్నారు. వాళ్ల తల్లిదండ్రులకు ఒక మాట. ఆ ఒడంబడిక ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము వసూలు చేయకూడదు. మన దేశంలో ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉండాలి. లక్షలు అడిగేవాణ్ణి గుమ్మంలోంచే పంపేయండి.

ఇంత తక్కువ టిక్కెట్టుకు ఇన్ని సౌకర్యాలు ఎలా ఇస్తారన్నదానికి సగం జవాబు ఆ నడవలో, మిగతా సగం మీ జేబులో ఉంది. ఓడలు బహామాస్, పనామా, మాల్టా జెండాలు కట్టుకుంటాయి. పన్నులు, కార్మిక చట్టాలు చాలావరకు ఆ జెండా దేశానివే. ఇక లోపల డబ్బు చేతికి తీయనివ్వరు, గది కార్డు గీకితే చాలు. మద్యం, వైఫై, ప్రత్యేక భోజనశాలలు, స్పా, ఫోటోలు, టూర్లు, కేసినో అన్నీ విడిగా. రాయల్ కరీబియన్ సంస్థకు 2023లో వచ్చిన దాదాపు 1,390 కోట్ల డాలర్లలో 430 కోట్లకు పైగా టిక్కెట్లవి కావు, ఇలా ఓడెక్కాక చేసిన ఖర్చూ అలాంటివీ. కేసినో చాలా రేవుల్లో మూసి ఉంటుంది, తీరానికి పన్నెండు మైళ్లు దాటాక తెరుస్తారు. టిప్పు కూడా రోజుకు మనిషికి 15–20 డాలర్లు తనంత తానే బిల్లులో చేరుతుంది. రీజెంట్, సిల్వర్‌సీ లాంటి ఖరీదైన కంపెనీల ఓడల్లో టిప్పులూ, చాలామటుకు పానీయాలూ టిక్కెట్టులోనే. కాబట్టి రెండు టిక్కెట్ల ధరలను నేరుగా పోల్చకండి. చౌక టిక్కెట్టు మీద ఈ పైఖర్చులన్నీ వేసుకున్నాక పోల్చండి. అప్పుడూ తేడా మిగులుతుంది గానీ మొదట కనిపించినంత ఉండదు.

వైద్యం ఆ జాబితాలో అన్నిటికన్నా బరువైనది. ఓడలో డాక్టరు, నర్సులు, చిన్న ఆసుపత్రి, శవాగారం కూడా ఉంటాయి. ఫీజులు ప్రైవేటు ఆసుపత్రివి, కార్డు మీదే పడతాయి. గుండెపోటు వస్తే హెలికాప్టరులోనో దగ్గరి రేవులోనో దింపుతారు, ఆ ఖర్చు కుటుంబాన్ని కుంగదీస్తుంది. పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు తరలింపు ఖర్చు కూడా భరించే బీమా లేకుండా ఎక్కవద్దు.

ఎక్కగానే లైఫ్‌జాకెట్టు, చేరాల్సిన చోటు గురించి చెప్పే డ్రిల్లును విసుగనుకోకండి. 2012 జనవరి 13న ఇటలీలో జీలియో దీవి దగ్గర 'కోస్టా కాంకోర్డియా' రాయికి గుద్దుకుని ఒరిగి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవారికి అప్పటికింకా డ్రిల్లు జరగలేదు. అప్పటి నియమం ఇరవై నాలుగు గంటల గడువిచ్చేది. ఇప్పుడు ఓడ కదలడానికి ముందో, కదిలిన వెంటనేనో జరిగి తీరాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే చేరాల్సిన చోటికి నడవాలి, గదిలో సామాను కోసం వెనక్కి వెళ్లకూడదు.

మన తీరంలో ఈ ముచ్చట కొత్తది. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' చెన్నై నుంచి విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. దేశంలోపలి యాత్రకు పాస్‌పోర్టు అక్కర్లేదు, ప్రభుత్వ గుర్తింపు కార్డు చాలు. సింగపూర్‌లో ఎక్కి మలేషియా చూసి మళ్లీ సింగపూర్‌లో దిగాలంటే ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా సరిపోదు, పలుమార్లు ప్రవేశించే వీసా ఉండాలి. 'ఎంప్రెస్' తూర్పు తీరానికి రావడానికి కారణం వాతావరణం. జూన్ నుంచి నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ముంబై, గోవా యాత్రలు కుదరవు. ఆ నెలల్లో బంగాళాఖాతం పడమటి అంచు కాస్త నయం. పడమటి తీరంలో వానలు తగ్గగానే ఓడ తిరిగి ముంబైకి పోతుంది, తూర్పున తుపానుల కాలం మొదలయ్యేదీ అప్పుడే. విశాఖలో ఎక్కాలనుకునేవారు ఏప్రిల్, మే నెలల నుంచే ఆ ఏడాది తేదీల కోసం చూడడం మొదలుపెట్టాలి.